రెక్కలు లేనివాళ్ల రేవు

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కూతురు చేసే మొదటి పని అమ్మ తడిబట్టలు మార్చడం. రెండేళ్ల కిందట మెట్ల మీంచి జారిపడ్డప్పటి నుంచి అమ్మకు నడుము కింద కదలిక లేదు. మంచం మీద పడి గోడతో మాట్లాడుతోందని, కూతురు తమ కంపెనీ ఆటనే ఫోన్లో పెట్టి ఇచ్చింది. అందరూ కత్తులు దూసుకుని తిరిగే ఆ ఆటలో మహాతల్లి ఒక పడవ కొనుక్కుంది. మనిషికి రెండు గవ్వలు తీసుకుని నది దాటించేది. "అక్కడ నిలబడే గెడ వేస్తాను, తెలుసా?" అని మురిసిపోయేది. పొద్దుగూకేసరికి ఆవిడ బట్టలు మోకాళ్లదాకా తడిసి ఉండేవి. ఒక్కోసారి దుప్పట్లో చిన్న చేప కూడా దొరికేది. పక్కింటి పిన్ని చూసి, "తడిబట్టల్లో ఉంచకే, జలుబు చేస్తుంది" అనేది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఆటలో ఎవరికి ఏ బహుమతి ఇస్తే ఏం మునుగుతుందో చూడటమే కూతురి ఉద్యోగం. ఆట పుట్టినరోజుకి జనం ఎగబడాలన్నాడు కంపెనీ పెద్దాయన. మూడు రోజుల ఈవెంట్ పెట్టారు. ఆ మూడు రోజుల్లో లాగిన్ అయినవాళ్లందరికీ రెక్కలు ఉచితం. నాలుగో రోజు నుంచి కాళ్లావేళ్లా పడ్డా దొరకవు. కూతురు రెండు వారాలు తల బద్దలు కొట్టుకుని, రెక్కలున్నవాడికి యుద్ధంలో పిసరంత లాభం కూడా రాకుండా చూసింది. కత్తులు చూసింది, డాళ్లు చూసింది, బాణాలు చూసింది. నదిలో ఎవరూ పోట్లాడుకోరు కనుక నది వైపు చూడనే లేదు.

మూడో రోజు సాయంత్రం అమ్మ బట్టలు ముట్టుకుంటే పొడిగా ఉన్నాయి. అమ్మ మళ్లీ గోడవైపు తిరిగి ఉంది. పొద్దుటి అన్నం పళ్లెంలోనే ఎండిపోయింది.

"రేవుకి ఒక్క పురుగు రావట్లేదే. అందరూ నా నెత్తిమీంచి ఎగిరిపోతున్నారు. ఏ పుణ్యాత్ముడు పంచాడో ఆ రెక్కలు!"

"నేనేనమ్మా."

అమ్మ తల ఇటు తిప్పింది. "నాకూ ఇచ్చారు లేవే," అంది. "రెక్కలేం చేసుకోను?"

మర్నాడు కూతురు పెద్దాయన గదిలోకి పరుగెత్తింది. రెక్కలు నది మీద పనిచేయకుండా చేద్దామంది.

"ఇచ్చింది లాక్కుంటే జనం మన తలుపులు పీకుతారమ్మా," అన్నాడాయన. "ఇంతకీ పడవలవాళ్లు ఎంతమంది? పన్నెండు మంది. పదకొండు మంది అప్పుడే పడవలు అమ్ముకుని పోయారు."

మిగిలిన ఆ ఒక్కరూ ఎవరో ఆయనకు తెలియదు. కూతురు చెప్పలేదు.

రెండు వారాలకు కథ అడ్డం తిరిగింది. రెక్కల హోరు విని కొత్తవాళ్లు వేలల్లో వచ్చిపడ్డారు. గడువు దాటిపోయింది గనక వాళ్లకి రెక్కల్లేవు. నదికి ఉన్నది ఒక్కటే పడవ. అమ్మ బట్టలు నడుందాకా తడిశాయి, తర్వాత భుజాలదాకా. ఇప్పుడు గవ్వలు కాదు, కత్తో డాలో ఇస్తేగాని పడవెక్కనివ్వడం లేదని విని కూతురు నిర్ఘాంతపోయింది.

"అమ్మా, ఇది దోపిడీ!"

"మీ ఆఫీసు చేస్తే ఈవెంటు, నేను చేస్తే దోపిడీనా?" అంది అమ్మ, చూపు ఫోన్ మీంచి తిప్పకుండా.

ఒక సాయంత్రం తలుపు తీసేసరికి మంచం ఖాళీగా ఉంది. పక్కమీద నీళ్లు, నీళ్లలో ఫోను. తెర మీద అమ్మ పడవ కొసన రెండు కాళ్ల మీద నిలబడి, "తోసుకోకండి, ఒక్కొక్కళ్లే!" అని అరుస్తోంది. బొమ్మ కాదు, పొద్దున తను వేసిన జడతోనే ఉన్న తన తల్లి. కూతురు మంచం పట్టె పట్టుకుని కూలబడింది.

అప్పుడే పెద్దాయన ఫోన్ చేశాడు. "ఆ పడవ ముసల్ది ఆటంతా పట్టుకు పీడిస్తోంది. రేపు రెక్కలు మళ్లీ పంచేద్దాం. నువ్వు మీట నొక్కితే చాలు, సాయంత్రానికి దాని పడవ మూతపడుతుంది."

నొక్కితే రేపు సాయంత్రానికి అమ్మ ఇంట్లో ఉంటుంది. ఇదే మంచం మీద, గోడవైపు తిరిగి. కూతురికి అమ్మ కావాలి. ఏడుపు ఆగలేదు.

"నొక్కనండి," అంది.

"ఉద్యోగం పోతుంది!"

"పోనివ్వండి."

ఫోన్ పెట్టేసి, కళ్లు తుడుచుకుని, ఆటలో మొదటిసారి పేరు రాయించుకుంది. ఒడ్డున రెండువందల మంది ఉన్నారు. "అమ్మా!" అని కేకేసింది. అమ్మ వెనక్కి తిరిగి, నవ్వి, గెడతో వరస చివర చూపించింది. కూతురు వెళ్లి అక్కడ నిలబడింది.