తొమ్మిదో గేటు దాకా

కుర్చీ ఎడమ చక్రానికి చుట్టుకున్న పొడవాటి వెంట్రుకను గోటితో లాగేసి, బ్రేకు రెండుసార్లు వేసి తీసి చూశాడు. పొద్దుటి నుంచి ఆ కుర్చీలో ముగ్గురిని తోశాడు. ముగ్గురిలో ఇద్దరికి కాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అందులో ఒకాయన తనిఖీ వరుస దాటేదాకా మూలిగి, అత్తర్ల దుకాణం కనబడగానే లేచి చకచకా నడిచిపోయాడు. తిరిగొచ్చి కూర్చుని "ఊఁ, పోనీ" అన్నాడు, బండివాడితో అన్నట్టు.

ఇరవై రెండేళ్ళుగా అతను విమానాశ్రయంలో చక్రాల కుర్చీలు తోస్తున్నాడు. వయసు యాభై ఏడు. నిజానికి కుర్చీ అవసరమైన మోకాళ్ళు అతనివే. మెట్లు దిగుతుంటే ఎండుపుల్లల్లా టకటకమంటాయి. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. చేతుల్లో కుర్చీ లేనప్పుడు కూడా వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంటాయి. తోటివాళ్ళు ఎదురుగా "బాబాయ్" అంటారు, వెనక "మూతివిరుపు" అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. వాళ్ళ బుర్రలకి అంతకంటే మంచి పేరు తట్టలేదని తెలిసి కాస్త జాలిపడ్డాడు కూడా.

విమానం ఎక్కాలని అతనికి ఏనాడూ అనిపించలేదు. ఎక్కేవాళ్ళని అంత దగ్గరగా చూశాక ఎలా అనిపిస్తుంది? సూపర్‌వైజర్ ఉద్యోగం రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయింది, ఇంటర్వ్యూలో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నవ్వాడని. కూతురు తాను చేసుకోబోయేవాణ్ణి ఇంటికి తీసుకొస్తే ఎగాదిగా చూసి "వీడా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆ పిల్ల ఆరేళ్ళుగా గుమ్మం తొక్కలేదు. "నీ నోట ఒక్కరి గురించైనా మంచి మాట వినకుండానే పోతాను నేను," అంటుంది భార్య. ఆవిడ మాటనీ అతను పెద్దగా లెక్కచేయడు.

టీ తాగడానికి స్టాఫు గదిలోకి వెళ్తే టీవీలో నిన్నటి వార్తే తిరుగుతోంది. అయిదంతస్తుల భవనం కుప్పకూలింది. పద్నాలుగు మంది పోయారు. కట్టినవాడి ఫోటో వేస్తున్నారు. బట్టతల, గడ్డం కింద ఇంకో గడ్డం, కుడి కనుబొమ్మని రెండుగా చీల్చిన మచ్చ. పరారీలో ఉన్నాడట.

"దొరుకుతాడంటావా బాబాయ్?" అంది గది ఊడుస్తున్నామె.

"పట్టుకోవాల్సిన వాళ్ళు వాడికన్నా దద్దమ్మలు," అని కప్పు కడిగి బోర్లించి లేచాడు.

పదకొండింటికి ద్వారం దగ్గర ఒక కుటుంబం కుర్చీ కోసం ఎదురుచూస్తోంది. మగమనిషి టోపీ, నల్ల కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకున్నాడు. దాక్కుంటున్నానని చాటింపు వేసుకుంటున్నట్టే ఉంది. చెమట తుడుచుకోవడానికి కళ్ళద్దాలు తీసినప్పుడు కనుబొమ్మ మీద మచ్చ కనబడింది. పక్కన భార్య, పదేళ్ళ కూతురు, అతని తల్లి. నలుగురికీ కలిపి రెండే చేతిసంచులు. పెట్టెలు మోసుకొస్తే అనుమానం వస్తుందని కాబోలు, బట్టలన్నీ ఒంటిమీదే వేసుకొచ్చారు. ముసలావిడ మీద అందరికన్నా ఎక్కువ వేశారు. స్వెట్టరు మీద స్వెట్టరు, దానిపై మగవాళ్ళ కోటు, ఆపైన ఇంకో కోటు. ఆ ఉబ్బెత్తులోంచి పిడికెడంత ముఖం ఎర్రగా కందిపోయి బయటికి చూస్తోంది.

ముసలావిడని వాడెందుకు తెచ్చాడో అతనికి అర్థమైంది. కుర్చీ ఉంటే వరుసల్లో నిలబడక్కర్లేదు. కుర్చీ వెంట నడిచేవాళ్ళ ముఖాలు ఎవరూ పరీక్షగా చూడరు. 'కన్నతల్లిని గేటు పాసు చేసుకున్నాడు వెధవ' అనుకున్నాడు. ఎవరికైనా చెబుదామని మాత్రం అనిపించలేదు. చెబితే కదలాల్సింది ఆ దద్దమ్మలే కదా. కళ్ళు తెరుచుకుని కూడా వీళ్ళు వాణ్ణి ఎలా వదిలేస్తారో చూడాలని సరదా పుట్టింది.

వదిలేశారు. పాస్‌పోర్టులు చూసే కుర్రవాడు ముసలావిడని చూసి ముందుకు రమ్మని చెయ్యూపి, మాస్కు తీయమనైనా అనకుండా నాలుగింటికీ టపటపా ముద్రలు కొట్టేశాడు. తనిఖీ దగ్గర ముసలావిడ కోట్లు విప్పించే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

"నాయనా, కాసిని నీళ్ళు," అంది ముసలావిడ, తల వెనక్కి తిప్పి. అడిగింది కొడుకుని కాదు, కుర్చీ తోసేవాణ్ణి.

"ఇప్పుడొద్దమ్మా," అన్నాడు కొడుకు. "మళ్ళీ బాత్రూమంటావు. విమానంలో తాగుదువుగాని."

"నాన్నా, నానమ్మకి చెమటలు..."

"నువ్వు నోర్ముయ్," అంది పిల్ల తల్లి.

మంచినీళ్ళ కుళాయి పది అడుగుల దూరంలో ఉంది. కన్నకొడుక్కి లేనిది నాకెందుకు అనుకుని కుర్చీని ముందుకే తోశాడు.

తొమ్మిదో గేటు దగ్గర విమానం ముప్పావుగంట ఆలస్యమన్నారు. ముసలావిడ మరోసారి నీళ్ళడిగింది, ఈసారి ఇంకా చిన్నగా. కొడుకు వినిపించనట్టు ఫోను చూసుకున్నాడు. కుర్చీ తోసేవాడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండకి రన్‌వే మెరుస్తోంది.

కుర్చీలవాళ్ళు ముందు రావాలని పిలిచారు. బ్రేకు తీయడానికి వంగినవాడు ముసలావిడ చెయ్యి వేలాడుతున్న తీరు చూసి ఆగాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"పోయింది," అన్నాడు.

కొడుకు చప్పున దగ్గరికొచ్చాడు. "నిద్రపోతోంది. తొయ్యి."

"నిద్ర కాదండీ."

"నాకు తెలుసయ్యా! తొయ్యి. సీట్లో కూర్చోబెట్టేస్తే చాలు. ఇక్కడ గొడవైతే అందరం పోతాం. నీకు దణ్ణం పెడతాను."

పెట్టాడు కూడా. ఇరవై రెండేళ్ళలో అతనికి దణ్ణం పెట్టిన మొదటి మనిషి వాడే. అతను తీయబోయిన బ్రేకుని కాలితో ఇంకా గట్టిగా నొక్కాడు.

కొడుకు తల్లిని ఒకసారి చూశాడు, గేటుని ఒకసారి చూశాడు. పెళ్ళాం రెక్క పట్టుకున్నాడు. "మా అమ్మకి నలతగా ఉంది, తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు," అని గేటు దగ్గరి అమ్మాయికి నవ్వుతూ చెప్పి లోపలికి నడిచాడు. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి చూస్తూనే నడిచింది.

అప్పుడు అతను వాకీటాకీ తీశాడు. "తొమ్మిదో గేటు. ముసలావిడ పోయింది. కొడుకు విమానమెక్కాడు. టీవీలో వెతుకుతున్నది వాణ్ణే."

విమానం తలుపు మళ్ళీ తెరిపించారు. పోలీసులు ముగ్గురినీ నడిపించుకుంటూ వచ్చేసరికి డాక్టరు ముసలావిడ ఒంటిమీది బట్టలు ఒక్కొక్కటే విప్పుతోంది. ఏడు పొరలు. అడుగునున్న ఒళ్ళు ఆవిరిపట్టిన కాగితంలా ఉంది.

కొడుకు కుర్చీ దగ్గర ఆగాడు. ఏడుస్తాడనుకున్నారు. వాడు మాత్రం తోసేవాడి వైపు తిరిగాడు.

"ద్వారం దగ్గర్నించీ నీ చేతిలోనే ఉంది కదరా. నిన్నే అడిగింది. గుక్కెడు నీళ్ళు పొయ్యలేకపోయావా?"

అతను అలవాటుగా మూతి విరిచాడు. తండ్రిని చూసిన చూపుతోనే పిల్ల అతన్నీ చూసి వెళ్ళిపోయింది.

శవాన్ని తీసుకెళ్ళాక, మూడో గేటుకి కుర్చీ కావాలని వాకీటాకీ పిలిచింది. తుడవడానికి వంగితే సీటు మూల మడిచిన చేతిరుమాలు కనబడింది. విప్పాడు. లోపల పైవరస కట్టుడు పళ్ళు. నోరు పిడచకట్టుకుపోయి తీసేసుకుని ఉంటుంది. వేలితో తాకి చూశాడు. ఎక్కడా తడి లేదు.