ట్రెజరర్ ఆదాం గారి చివరి పద్నాలుగు నెలలు

మలిపొద్దు కాలనీలో మంగళవారం, శుక్రవారం ఆఫీసు రోజులు. ఉదయం తొమ్మిదిన్నరకల్లా సెక్రటరీ మొహిద్దీన్ బాషా గారు తాళం తీసి, కిటికీలు తెరిచి, బల్ల మీది దుమ్ము తుడిచేవారు. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఆ దుమ్ముకి కూడా ఘాటు ఉండేది. రెండు తుమ్ములు తుమ్మితే గానీ ఆయనకు పని మొదలైనట్టు ఉండేది కాదు. సరిగ్గా పది గంటలకు ట్రెజరర్ ఆదాం గారు వచ్చి, బీరువా తెరిచి, నగదు పుస్తకం తీసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు.

గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో, పత్తి చేల మధ్య నలభై ఆరు ఇళ్ళ కాలనీ అది. అక్కడున్న వాళ్ళంతా పనులు చేసి చేసి విశ్రాంతి తీసుకుంటున్న వాళ్ళే. కాలనీకి యజమాని లేడు. తలా కొంత వేసుకుని స్థలం కొన్నారు, ఇళ్ళు కట్టుకున్నారు, నిబంధనలు రాసుకున్నారు, మూడేళ్ళకోసారి కమిటీని ఎన్నుకుంటారు. ఇంటికి నాలుగు లక్షల చొప్పున వేసిన నిధి కోటీ ఎనభై నాలుగు లక్షలు బ్యాంకులో ఉంది. దాని మీద వడ్డీతోనే నర్సు జీతం, మోటార్లు, వీధి దీపాలు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే గంటలో అడ్వాన్సు. "మమ్మల్ని ఎవరూ చూసుకోనక్కర్లేదండీ, మేమే చూసుకుంటాం" అని ఆ కాలనీవాళ్ళు బస్సులో పక్కసీటువాళ్ళకు కూడా చెప్పేవారు.

ఆదాం గారు చిలకలూరిపేటలో ఒక సహకార బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు క్యాషియరుగా చేశారు. కాలనీ ట్రెజరరుగా ఆయన పదవీకాలం రెండువేల ఇరవై ఆరు మార్చి ముప్పై ఒకటి వరకు ఉంది. రెండువేల ఇరవై ఐదు జనవరి చివర్లో గుండె ఆగి చనిపోయారు. శుక్రవారం సమాధి చేశారు. మంగళవారం పది గంటలకు ఆఫీసుకి వచ్చారు. బాషా గారు లేచి కుర్చీ జరిపారు. ఆ నెల కరెంటు బిల్లు ఇద్దరూ కూర్చుని చూశారు. ఆఫీసులో టీ మాత్రం అప్పటినుంచి ఒక కప్పు తగ్గించి పోసేవారు. ఆదాం గారి సంతకంతో వెళ్ళిన చెక్కులు బ్యాంకులో ఎప్పటిలాగే మారాయి.

ఆయన భార్య కొండమ్మ ఇల్లు ఆఫీసుకి నాలుగిళ్ళ అవతల. మొదటి మంగళవారం ఆమె ఇస్త్రీ చొక్కా పట్టుకుని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

"ఏమండీ, పెద్దది ఫోను చేసింది. మిమ్మల్ని తలుచుకుని ఏడుస్తోంది" అంది.

ఆయన తలెత్తలేదు. పచ్చ పెన్సిలుతో ఏదో టిక్కు పెట్టుకున్నారు.

"మోకాళ్ళు మళ్ళీ నొప్పులు పెడుతున్నాయి నాకు."

పేజీ తిప్పారు.

అలా ఐదు వారాలు. ఇంటి సంగతి ఏది చెప్పినా ఆయనకు వినబడలేదు. ఆఫీసు కాలం మాత్రమే మిగిలినవాడు ఆఫీసు మాటే కదా వింటాడు అని ఆమె తనకు తానే చెప్పుకుని, చీర చెంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయేది. ఆరో వారం, ఏం మాట్లాడాలో తోచక, ఆయన చేతికింది కాగితం చూసి అడిగింది.

"ఆ పసుపు కాగితం ఏంటండీ?"

ఆదాం గారు తలెత్తారు. "వోచరు. ఎవరికి, దేనికి, ఎంత ఇచ్చామో రాసుండాలి. పుచ్చుకున్నవాళ్ళ సంతకం ఉండాలి. ఏది లేకపోయినా చెల్లదు."

నలభై మూడేళ్ళు విన్న గొంతే. కొండమ్మ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. వదలకుండానే, "సంతకం చెయ్యడం రానివాళ్ళయితే?" అని అడిగింది.

"వేలిముద్ర. పక్కన సాక్షి."

ఆ రోజు నుంచి ఆమె ఆఫీసు లోపలికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆయన గొంతు వినడానికి వచ్చేది. గొంతు వినాలంటే లెక్కల గురించి అడగాలి. అడగాలంటే క్రితంసారి చెప్పింది అర్థమై ఉండాలి, లేకపోతే కొత్త ప్రశ్న పుట్టదు. అందుకని ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టుకుని, కూడబలుక్కుంటూ రాసుకునేది. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది కానీ, లెక్క ఆమెకు కొత్త కాదు. పెళ్ళికి ముందూ తరువాతా మిర్చి యార్డు దగ్గర కాయల తొడిమలు తీసే ఆడకూలీలకు మేస్త్రీగా ఇరవై ఏళ్ళు చేసింది. ముప్పై మందిలో ఎవరు ఎన్ని కిలోలు తీశారో సాయంత్రం నోటితోనే చెప్పేది. ఒక్కరోజు తప్పలేదు.

ఒకసారి వీధి దీపాలకు ఆరు బల్బులు కొన్న వోచరు వచ్చింది. "అన్నీ సరిగానే ఉన్నాయి కదండీ, టిక్కు పెట్టరేం?" అంది.

"కాగితం సరిగానే ఉంది. బల్బులు చూశావా?"

కొండమ్మ ఎండలో కాలనీ అంతా తిరిగింది. ఐదు బల్బులు కనబడ్డాయి. ఆరోది మోటారు గదిలో, అట్టపెట్టెలోనే ఉంది. వచ్చి చెప్పింది. ఆదాం గారు అప్పుడు టిక్కు పెట్టి, చిన్నగా నవ్వారు. ఆ నవ్వు కోసం ఆమె ఇంకా ఎన్ని ఎండల్లోనైనా తిరగడానికి సిద్ధపడింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ప్రెసిడెంటు యలమందయ్య గారు ఒక చెక్కు రాసుకుని వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళు మిర్చి కమీషన్ వ్యాపారం చేసినవాడు. గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే. కాలనీకి సొంత అంబులెన్సు కొనాలని ఆయన కోరిక. తెలిసినవాళ్ళు కొత్తగా కోల్డ్ స్టోరేజీ కట్టారు, పదిహేను శాతం వడ్డీ ఇస్తారు, నిధిలోంచి ఒక కోటి అందులో పెడదాం అన్నారు.

"బ్యాంకులో ఏడు లక్షలొచ్చే చోట పదిహేను లక్షలొస్తాయి ఆదాం గారూ. రెండేళ్ళలో అంబులెన్సు మన గేటు ముందుంటుంది. సంతకం పెట్టండి."

"సభ తీర్మానం లేదు" అన్నారు ఆదాం గారు, చెక్కు వెనక్కి జరుపుతూ.

"తీర్మానం తెస్తే పెడతారా?"

"తెస్తే చూస్తాను."

యలమందయ్య గారు బాషా గారి వైపు తిరిగి నవ్వేశారు. "సరే, మార్చి ఇరవై తొమ్మిదిన ఎలాగూ సర్వసభ్య సమావేశం. ఈయన కాలం ముప్పై ఒకటితో ఆఖరు. కొత్త ట్రెజరరు సంతకం పెడతాడులే." రిటైరైన ఓవర్సీర్ ఒకాయన్ని ఆ పదవికి అప్పటికే ఒప్పించి ఉంచారు.

కొండమ్మ మూలన కూర్చుని విన్నది. సాయంత్రం పక్కింటి నసీమున్నీసా దగ్గరికి వెళ్ళింది. ఆమె రిటైరైన హెడ్‌మిస్ట్రెస్.

"మేడమ్ గారూ, రేపు ఆటో మాట్లాడుకుందామా? ఆ కోల్డ్ స్టోరేజీ ఒకసారి చూసి రావాలి."

"ఎందుకు కొండమ్మా? కాగితాలన్నీ యలమందయ్య గారు చూశారటగా."

"కాగితాలు చూశారు. బల్బులు చూడలేదు" అంది కొండమ్మ. నసీమున్నీసాకి ఆ మాట అర్థం కాలేదు కానీ, చెప్పులు వేసుకుంది.

మార్చి ఇరవై తొమ్మిది ఆదివారం. ఉదయం పదింటికి హాలు నిండింది. ఆదాం గారు సంవత్సరం లెక్కలు చదివారు. ఆదాయం, ఖర్చు, నిల్వ. ఒక్క ప్రశ్న రాలేదు. తరువాత యలమందయ్య గారు లేచి కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్పారు. అంబులెన్సు మాట వినగానే చప్పట్లు పడ్డాయి. హాల్లో ఉన్న ప్రతివాళ్ళకీ ఏదో ఒక రాత్రి గుండె పట్టుకుని ఆటో కోసం చూసిన జ్ఞాపకం ఉంది.

"ఎవరైనా మాట్లాడతారా?" అన్నారు బాషా గారు.

వెనక వరసలోంచి కొండమ్మ లేచింది. మైకు ఇవ్వబోతే వద్దంది. యార్డులో ముప్పై మందికి వినబడిన గొంతు అది.

"ప్రెసిడెంటు గారూ, ఆ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని గదులు?"

"ఎనిమిది ఛాంబర్లమ్మా. లక్ష టిక్కీలు, అంటే లక్ష మిర్చి బస్తాలు, పడతాయి. అంత పెద్దది ఈ చుట్టుపక్కల లేదు."

"ఎన్నింట్లో సరుకుంది?"

యలమందయ్య గారు కాగితాలు తిరగేశారు. "నిండినట్టే అన్నారు."

"రెండు గదుల్లోనే టిక్కీలున్నాయండీ. నేనూ మేడమ్ గారూ చూసొచ్చాం. మిగతా ఆరూ ఖాళీ. మిషన్లు కూడా ఆపేసి ఉన్నాయి. ఈ కాలంలో, కల్లాల్లోంచి సరుకు కదిలే కాలంలో."

ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"అక్కడ కాయలు గ్రేడింగు చేసే ఆడవాళ్ళలో నా కింద పనిచేసినవాళ్ళు నలుగురున్నారు. ఐదు వారాలుగా కూలి ఇవ్వలేదట. రోజుకు నాలుగొందల కూలి ఇవ్వలేనివాళ్ళు మనకు ఏడాదికి పదిహేను లక్షలు ఎక్కడ్నుంచి తెచ్చిస్తారు? మన కోటిలోంచే తీసి మనకిస్తారు. అది వడ్డీ కాదండీ. మన డబ్బే మనకు కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది, కొన్నాళ్ళు. ఆ తరువాత అదీ రాదు."

యలమందయ్య గారి ముఖం ఎర్రబడింది. "నేను మిమ్మల్ని ముంచుతానా అమ్మా?"

"మీరు ముంచరు. మిమ్మల్నే ముంచుతున్నారు. అంబులెన్సు నాకూ కావాలండీ. ఆ రోజు అంబులెన్సు ఉండుంటే మా ఆయన..." అని ఆగి, ఆదాం గారి వైపు చూసింది. ఆయన లెక్కల కాగితం మీద తలవంచుకునే ఉన్నారు. ఆమె చేతిలోని పుస్తకం తెరిచింది. "ఏడు శాతం వడ్డీలోంచే నెలకింత పక్కన పెడదాం. మూడున్నరేళ్ళు పడుతుంది. లెక్క రాసుకొచ్చాను."

నోటు పుస్తకం చేతులు మారుతూ ముందు వరస దాకా వెళ్ళింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. కూడికలు తిన్నగా ఉన్నాయి. యలమందయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివారు. జీవితమంతా మిర్చి అమ్మిన మనిషి, ఖాళీ గదులంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. పుస్తకం మూసి, చిన్న గొంతుతో. "నేనే వెళ్ళి చూడాల్సింది."

ట్రెజరర్ ఎన్నికకు ఓవర్సీర్ గారి పేరు వచ్చింది. నసీమున్నీసా లేచి కొండమ్మ పేరు చెప్పింది.

"నేనా? ఐదో తరగతి చదివినదాన్ని మేడమ్!"

"ముప్పై ఏళ్ళు పిల్లలకు మార్కులు వేశాను. ఎవరు పాసయ్యారో నాకు తెలుసు. కూర్చో."

ఇంటికొకటి చొప్పున నలభై ఆరు చీటీలు లెక్కపెట్టారు. ముప్పై మూడు కొండమ్మవి. ఫలితం చదివింది యలమందయ్య గారే. "నా ఓటు ఓవర్సీర్ గారికేనమ్మా, మాట ఇచ్చాను కాబట్టి" అని కూడా మైకులోనే చెప్పారు.

ముప్పై ఒకటి మంగళవారం. ఆదాం గారు చివరి నిల్వ రాసి, కింద రెండు గీతలు గీశారు. బాధ్యతలు అప్పగించే కాగితం మీద 'ఇచ్చినవారు' అన్నచోట ఆయన, 'పుచ్చుకున్నవారు' అన్నచోట ఆమె సంతకం చేశారు. బాషా గారు సాక్షి సంతకం పెట్టి, కళ్ళలో దుమ్ము పడిందంటూ వరండాలోకి వెళ్ళారు.

"నాకేదైనా తెలియకపోతే ఎవర్ని అడగాలండీ?" అంది కొండమ్మ.

"పుస్తకంలో చూడాలి. అందులో లేకపోతే వెళ్ళి కళ్ళతో చూడాలి." ఆయన తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టారు. ఆమెను చూస్తూ, "ఇంతకుముందు ఇంత బాగా నేర్చుకున్నవాళ్ళు నా దగ్గర లేరు ట్రెజరర్ గారూ" అన్నారు.

ఐదు కొట్టింది. ఆదాం గారు లేచి, కుర్చీ బల్ల కిందికి నెట్టి, బయటికి నడిచారు. కొండమ్మకు పిలవాలనిపించింది, వెనకే పరుగెత్తాలనిపించింది. కానీ బీరువా తెరిచి ఉంది. లోపల నగదుంది. ఆమె పుస్తకాలు సర్ది, నగదు పెట్టె లోపల పెట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసింది. బయటికి వచ్చేసరికి పత్తి కట్టెల మధ్య దారంతా ఖాళీగా, ఎండగా ఉంది. ఏడవలేదు. మెడ నిటారుగా పెట్టుకుని, తాళాల గుత్తి బొడ్లో దోపుకుని ఇంటికి వెళ్ళింది.

జూన్‌లో ఒక పొద్దున యలమందయ్య గారి భార్య బసవమ్మ మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నర్సు వచ్చి చూసి, ఆపరేషన్ అంది. అప్పటికి ఆ కోల్డ్ స్టోరేజీలో డబ్బు పెట్టినవాళ్ళు అది తిరిగి ఇమ్మని రోజూ గేటు ముందు నిలబడుతున్నారని ఊరంతా అనుకుంటోంది. కారు బయలుదేరేలోపు కొండమ్మ లక్షన్నర చెక్కు రాసింది. రెండో సంతకం పెట్టడానికి యలమందయ్య గారు పెన్ను తీసుకోబోతే ఆపింది.

"మీ ఇంటి ఖర్చుకి మీరు సంతకం పెట్టకూడదండీ. బాషా గారు పెడతారు. మీరు వదినగారి పక్కన కూర్చోండి."

గుంటూరు బ్రాడీపేట ఆసుపత్రిలో ఆపరేషన్ బాగా జరిగింది. మూడు వారాలకు బసవమ్మ కర్ర పట్టుకుని నడిచింది. యలమందయ్య గారు బిల్లులన్నీ తారీఖుల వారీగా గుండుసూదులు గుచ్చి ఆఫీసుకి తెచ్చారు. కొండమ్మ ఒక్కొక్కటే చదివి పచ్చ పెన్సిలుతో టిక్కులు పెట్టింది. ఒక కాగితం దగ్గర ఆగి, అడ్డంగా గీత కొట్టింది.

"ఇదేంటమ్మా?"

"కొబ్బరి నీళ్ళు. నూట ఇరవై. రోగికి అయితే ఇస్తాం. తారీఖు చూడండి, ఆ రోజు వదినకు నోటితో ఏమీ ఇవ్వలేదు. తాగింది మీరు."

యలమందయ్య గారు బిల్లు చూశారు, ఆమెను చూశారు. జేబులోంచి నూట ఇరవై తీసి బల్ల మీద పెట్టి, రసీదు అడిగి మరీ పుచ్చుకున్నారు. ఆ రసీదు పట్టుకుని వీధిలోకి వచ్చి, ఎదురుపడిన ప్రతివాళ్ళనీ ఆపి, ఎప్పటి పెద్ద గొంతుతో చెప్పారు.

"చూడండయ్యా! ప్రెసిడెంటు తాగిన కొబ్బరి నీళ్ళ బిల్లు కొట్టేసింది మా ట్రెజరరు! ఇంకెక్కడుందండీ ఇలాంటి కాలనీ?"