జగన్నాథరావు గారి చప్పుడు లేని కారు

సుధాకర్ బీమా కంపెనీలకు సర్వేయరు. యాక్సిడెంటయిన బళ్ళను చూసి, ఎంత నష్టం జరిగిందో రాసివ్వడం అతని పని. వారమంతా నుజ్జయిన బానెట్లే చూస్తున్నా అతనికి కార్ల మీద ఇష్టం పోలేదు. ఆ ఇష్టంతోనే గోదావరి జిల్లాల్లో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. ఈమధ్య మాత్రం ఆ గ్రూపు తెరవాలంటేనే నీరసం వస్తోంది.

గొడవంతా ఒక కొత్త కారు గురించి. ఒక పెద్ద విదేశీ కంపెనీ రెండు తలుపుల ఖరీదైన కూపే ఒకటి వదిలింది. పాత మోడల్లో ఎనిమిది సిలిండర్ల ఇంజనుండేది. కొత్తదానికి నాలుగే. దానికి తోడు ఒక మోటారు, ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేసుకునే బ్యాటరీ. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న దొరబాబు ఆ కంపెనీని తిట్టాడు. రాజమండ్రిలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ రమ్యశ్రీ, ఇక రాబోయేవి కరెంటు బళ్ళేనంటూ దొరబాబును తిట్టింది. చెరో పక్కా జనం చేరారు. ఎవరి ఇంట్లోవాళ్ళను ఎవరు అన్నారో చూసి, ఆ మెసేజీలు తీసెయ్యడంతోనే సుధాకర్ సాయంత్రాలు గడిచిపోయేవి.

అలాంటప్పుడు జగన్నాథరావు ఫోన్ చేశాడు. మండపేటలో ఆయనకు రైస్ మిల్లుంది. గ్రూపులో చేరిన నాటి నుంచీ ఒక్క ముక్క రాసిన మనిషి కాదు.

"సుధాకర్ గారూ, ఆ కారు నేను కొన్నానండి. ఆదివారం పొద్దున్న అందర్నీ మా మిల్లుకి తీసుకురండి. టిఫిన్లు ఇక్కడే చేద్దురుగాని."

ఆదివారం మిల్లు ఆవరణ నిండా కార్లే. ముదురు నీలం రంగు కూపే ధాన్యం ఆరబోసే గచ్చు మీద ఆగి ఉంది. దొరబాబు రాగానే బానెట్ తీయించాడు.

"నాలుగేనాండి? మా చెరువు గట్టు మీద జనరేటర్‌కీ నాలుగేనండి. దీనికి ఇంత పొడుగు ముక్కు దేనికి?"

రమ్యశ్రీ డిక్కీలోకి తొంగి చూసింది. "సగం బ్యాటరీకే పోయింది. రెండు సూట్‌కేసులు కూడా పట్టవు. పోనీ పూర్తిగా కరెంటు మీద నడుస్తుందా అంటే అదీ లేదు. బరువు చూస్తే ట్రాక్టరంత."

"అదేనమ్మా నేను మొదట్నుంచీ చెబుతున్నది," అన్నాడు దొరబాబు.

ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒక మాట మీదకు వచ్చారు. మిగతావాళ్ళూ అందుకున్నారు. వెనక లైట్లు బాలేవని ఒకరు, చక్రాలు పెద్దవని ఒకరు, ఇదే డబ్బుకి ఇంకేం వచ్చేదో ఇంకొకరు. జగన్నాథరావు ఇడ్లీ ప్లేట్లు అందిస్తూ అందరి మాటలకూ తల ఊపుతున్నాడు. ఇది ఎందుకు కొన్నారని ఆయన్ను ఒక్కరూ అడగలేదు. సుధాకర్‌కి అది చూడబుద్ధి కాలేదు. ఇలాంటి మనుషుల్ని పోగేసింది తనే కదా అనిపించింది.

"ఒకసారి అలా వెళ్ళొద్దామాండి?" అని అడిగాడు.

జగన్నాథరావు ప్లేటు పక్కన పెట్టి తాళం తీసుకున్నాడు.

ఎత్తు తక్కువ కారు కావడంతో ఇద్దరూ మోకాళ్ళు పట్టుకుని, వంగి లోపల కూర్చున్నారు. కారు బ్యాటరీ మీదే, చప్పుడు లేకుండా గేటు దాటి రామచంద్రపురం రోడ్డెక్కింది. లారీలు పక్కనుంచి పోతున్నా లోపలికి శబ్దం రావడం లేదు. ఆ నిశ్శబ్దం సుధాకర్‌కి హాయిగా ఉంది. సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"బాగుందా అండి?" జగన్నాథరావు అడిగాడు.

"చాలా బాగుందండి. ఈ కూపేనే ఎందుకు తీసుకున్నారు?"

"చదువు మానేసిన దగ్గర్నుంచీ మిల్లులోనేనండి. పొట్టు తీసే మిషన్ల మోతలోనే పెరిగాను. ఇప్పుడు మిల్లు ఆపినా చెవిలో మోత ఆగదు. షోరూములో ఇందులో కూర్చోబెట్టారు. చుట్టూ జనం, ఏవో పాటలు. తలుపెయ్యగానే అంతా ఆగిపోయినట్టనిపించింది. అందుకే కొన్నాను."

"ఇప్పుడు తగ్గిందా మరి?"

"లేదండి. బయట ఏ చప్పుడూ లేకపోయేసరికి లోపలిదే ఇంకా బాగా వినబడుతోంది. కొన్న మర్నాడే తెలిసిపోయింది. మా ఆవిడ సంపూర్ణకి చెప్పలేదు. దీనికా అంత డబ్బు పోశారంటుంది."

పెట్రోలు ఇంజన్ ఆన్ చేయమన్నాడు సుధాకర్. ఆయన మీట నొక్కాడు. నాలుగు సిలిండర్లూ లేచాయి. "ఇలా కాస్త నయమేనండి," అన్నాడు జగన్నాథరావు. కానీ ఆ మాటలో నమ్మకం లేదు.

కాలువ లాకుల దగ్గరికొచ్చేసరికి ఆయనే కారు ఆపి, దిగి, గట్టు మీద కూర్చున్నాడు. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు హోరుమని కిందకి పడుతున్నాయి. సుధాకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. మాట్లాడాలంటే గట్టిగా అరవాలి. ఇద్దరికీ ఆ ఓపిక లేదు. ఆ హోరులో, బిగుసుకుని ఉన్న ఆయన భుజాలు నెమ్మదిగా సడలడం సుధాకర్ చూశాడు.

"డాక్టర్‌కి చూపించారా?" అని కొంతసేపటికి ఆయన చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"చూపించి ఏం చేస్తానండి? వయసంటారు."

"మా వదిన కాకినాడలో చెవి డాక్టరండి. చెవిలో పెట్టుకునేవి ఉంటాయి, నీళ్ళ చప్పుడులాంటిది సన్నగా వినిపిస్తూ ఉంటుందట. తగ్గించవు గానీ మరిపిస్తాయట. గురువారం నాకక్కడ పనుంది. నాతో రండి."

జగన్నాథరావు కూడా అతని చెవి దగ్గరికి వంగాడు. "ఈ కారులోనే పోదాం," అన్నాడు. "మీరు నడుపుదురుగాని."

వాళ్ళు మిల్లుకి తిరిగొచ్చేసరికి సగం మంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఇంకో కారు గురించి వాదించుకుంటున్నారు. దొరబాబు ఎదురొచ్చి అడిగాడు, "మీ తీర్పేంటండి?"

సుధాకర్‌కి చెప్పాలనిపించలేదు. "గ్రూపు ఇకనుంచి మీరు, రమ్యశ్రీ గారు చూసుకోండి," అన్నాడు. దొరబాబు ఏదో అనబోయేంతలో సంపూర్ణమ్మ కాఫీ గ్లాసులు తెచ్చింది. సుధాకర్ ఒకటి తీసుకుని, నీడలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.