దీపం వెంట వచ్చిన మేఘం

హిందూపురం బస్టాండు వెనక సందులో షాబాజ్‌కు సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న అంగడి ఉంది. వారంలో ఆరు రోజులు పగిలిన అద్దాలు మారుస్తాడు. ఆదివారం మాత్రం అంగడికి తాళం వేసి, ఏడాది పాటు ఒక్కొక్క ముక్కా తెప్పించి తానే బిగించుకున్న డ్రోన్‌ను అట్టపెట్టెలో సర్దుకుని పెనుకొండకు పోతాడు. కొండ కింద చేలల్లో కరెంటు తీగలు తక్కువ, అడిగేవాళ్లూ తక్కువే. సాయంత్రం దాకా ఎగరేసుకుని తృప్తిగా ఇంటికి వస్తాడు.

భార్య అమీనాబీ ఆ డ్రోన్‌కు తేనెటీగ అని పేరు పెట్టింది. "రొద తప్ప తేనె రాదు నీ తేనెటీగకు" అని నవ్వుతుంది. ఆమె పుట్టిల్లు ధర్మవరం. పెళ్లయ్యేదాకా మగ్గాల దగ్గర తెగిన పోగులు ముడేసిన చేతులు ఆమెవి.

పెనుకొండ కొండ మీద అప్పట్లో ఒక చిన్న మేఘం ఉండేది. గొర్రెల దొడ్డి అంతే. నాలుగేళ్ల కింద ఆషాఢం గాలికి మేఘాలన్నీ తూర్పుకు పోతుంటే ఇది వెనకబడి, కోటగోడకు తగులుకుని ఆగిపోయింది. రోజూ సాయంత్రం ఉత్త బండల మీద నాలుగు చినుకులు రాల్చి, ముడుచుకుని పడుకునేది. కింద ఊళ్లవాళ్లకు అది అలవాటే. కొండెక్కేటప్పుడు గొడుగు తీసుకుపోయేవాళ్లు, అంతే.

పొద్దు వాలాక డ్రోన్ ఎక్కడుందో కనబడటం లేదని, శ్రావణంలో షాబాజ్ ఒక స్ట్రోబ్ లైటు తెప్పించాడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. దాని బ్యాటరీ దానిదే. తళుక్కుమని వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంది. రెండు వైపులా అంటుకునే టేపుతో దాన్ని డ్రోన్ వీపు మీద అంటించి ఆదివారం పైకి లేపాడు.

రెండుసార్లు తళుక్కుమన్నదో లేదో, కొండ మీద మేఘం లేచి నిలబడింది. తప్పిపోయిన గొర్రెపిల్లకు తల్లి అరుపు వినబడినట్టు, గబగబా కిందికి దిగసాగింది. తీరా దగ్గరికి వచ్చేసరికి దాని తడికి టేపు ఊడి దీపం కిందపడింది. మేఘం అక్కడే ఆగి, కాసేపు తచ్చాడి, మెల్లగా కొండెక్కిపోయింది.

పడిన దీపాన్ని ఏరుకుని తెచ్చిచ్చింది యల్లక్క. ఆమెకు యాభై ఐదేళ్లు. మొగుడు పోయాక మూడెకరాల చేనులో చెనిక్కాయ, అంటే వేరుశనగ, ఒక్కతే పండించుకుంటోంది.

"ఏమప్పా, మెరుపనుకోని వస్తాండాది అది. ఇంగ రవ్వంత సేపు దీపం నిలబడింటే నా చేను మీదికి వచ్చిండేది."

"టేపు తడిసి ఊడిపోయిందక్కా."

"చేను పూతకొచ్చిండాది. ఊడలు నేలలోకి దిగల్లంటే ఒక్క పదును వాన కావల్ల. రేపు కాదు, పైసోమవారం మేస్త్రీ బండి వస్తాది. వాన రాకుంటే నేనూ బెంగుళూరికి బిల్డింగు పనికి పోతాండా. మా ఊర్లోనించి పోయినోళ్లు మళ్లీ ఎవురొచ్చినారప్పా?"

ఆమె ఏడవలేదు. చేతికంటిన మట్టి దులుపుకుంటూ చెప్పింది. ఆ మాట షాబాజ్‌ను ఇంటిదాకా వదల్లేదు.

ఆ వారమంతా అతను దీపంతోనే తంటాలు పడ్డాడు. గమ్ముతో అంటించి కొళాయి కింద పెడితే ఊడింది. రబ్బరు బ్యాండ్లు వేస్తే మోటార్ల అదురుకు దీపం పక్కకు జారి, డ్రోన్ తాగినోడి మాదిరి వంకరగా ఎగిరింది. ప్లాస్టిక్ పట్టీ వేస్తే దాని తోక రెక్కకు తగిలి రెక్క విరిగింది. శుక్రవారం అమీనాబీ పొయ్యి ఆర్పేసి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమయ్యా, అంటిస్తే యాడ నిలబడతాది? కట్టల్ల."

"కట్టినా జారుతాది."

"నీకు కట్టేది రాదు. ఈ బొక్కలు దేనికి?"

"లోపల వేడి పోయేదానికి. మూయకూడదు."

"కింద కన్ను మాదిరి ఉండాదే?"

"నేలను చూసుకునేది. దానికీ దారం అడ్డం రాకూడదు."

ఆమె డ్రోన్‌ను రెండు వేళ్ల మీద నిలిపి, బరువు ఎక్కడ సమంగా ఉందో చూసి, సరిగ్గా అక్కడ సైకిలు ట్యూబు ముక్క వేసి, దాని మీద దీపం పెట్టింది.

"ధర్మవరం పట్టుదారం తేవాల్నా?" అన్నాడు షాబాజ్.

"పట్టు తడిస్తే జారుతాది. నూలు తడిస్తే బిగుస్తాది. మా నాయన మగ్గానికి కట్టేవన్నీ నూలుతాళ్లే."

సన్నటి నూలుదారాన్ని మూడు పేటలుగా పేని, డ్రోన్ నాలుగు చేతులకూ అడ్డంగా, నిలువుగా కట్టింది. తెగిన పోగుకు వేసినట్టే చిన్న ముడులు వేసి, కొసలు రెక్కలకు అందకుండా మొదలంటా కత్తిరించింది. కొళాయి కింద పెట్టి, గుంజి, విదిలించి చూశారు. దీపం కదల్లేదు.

ఆదివారం ఇద్దరూ పోయారు. యల్లక్క చేను గట్టు మీద కాచుకుని ఉంది. పొద్దు గుంకే వేళకు షాబాజ్ డ్రోన్‌ను లేపాడు. మేఘం చూసింది, దిగింది. అది అందుకునేలా అతను నిదానంగా, ఆగి ఆగి, చేను వైపు నడిపించాడు. దగ్గరికొచ్చి మేఘం డ్రోన్‌ను కావలించుకుంది. డ్రోన్ కనబడటం మానేసింది. మేఘం కడుపులో తెల్లటి వెలుగు మాత్రం తళుక్కు, తళుక్కుమంటోంది.

"ఊడలేదు!" అంది అమీనాబీ.

చేను మీదికి వచ్చింది గానీ చినుకు పడలేదు. షాబాజ్ చేతిలోని రిమోట్ కూయడం మొదలుపెట్టింది.

"బ్యాటరీ అయిపోతాండాది. ఇప్పుడే వెనక్కి తెస్తే డ్రోన్ దక్కుతాది. తడిలోనే దించితే మోటార్లు పోతాయి."

షాబాజ్ యల్లక్క వంక చూసి, డ్రోన్‌ను తిన్నగా చేను నడుమకు దించేశాడు.

మేఘం కూడా దిగింది. మొదట గట్టు మీది కానుగచెట్టు మాయమైంది, తర్వాత చెనిక్కాయ చెట్లు. గుడ్ల మీద కోడి పొదిగినట్టు మేఘం నిండుగా చేనంతా పరుచుకుని కూర్చుంది. మోటార్లు ఆగిపోయినా నేల మీద దీపం మినుకుమంటూనే ఉంది. అప్పుడు మొదలైంది వాన. నడుమెత్తు నుంచి, చప్పుడు లేకుండా కురిసింది. యల్లక్క చేలోకి పరుగెత్తింది. ఆమె తల పొడిగానే ఉంది, చీర మాత్రం నడుము కింద ముద్దయింది. వంగి మట్టి పిడికిలి పట్టి చూసి, "జానెడు లోతు దిగిందమ్మా!" అని గట్టిగా నవ్వింది. అమీనాబీ చెప్పులు విడిచి తానూ దిగింది.

గంట తర్వాత మేఘం తడిపిండిన తువ్వాలంత పలచగా అయింది. లేచి, ఈసారి కొండ వైపు తిరగకుండా, గాలితో కలిసి కొత్తచెరువు ఊరి దిక్కుగా పోయింది.

షాబాజ్ బురదలోంచి డ్రోన్ తీశాడు. నాలుగింట్లో మూడు మోటార్లు పోయాయి. అయినా అతని మొహంలో నవ్వు తగ్గలేదు.

"ఇంగొకటి చేసుకుందువులే, కట్టేదానికి నేనుండా" అంది అమీనాబీ.

తెల్లారి మేస్త్రీ బండి రోడ్డు మీద ఆగి హారన్ కొట్టింది. మోకాళ్ల దాకా బురదతో యల్లక్క గట్టు మీదికి వచ్చింది.

"సంచి యాడక్కా? ఎక్కు, టైమయితాండాది" అన్నాడు మేస్త్రీ.

"మీరు పోండప్పా. కాయ పడితే పందులొస్తాయి. చేనికి కావలి ఉండల్ల" అని, బండి కదలక ముందే చేలోకి తిరిగిపోయింది.