దుప్పటి కప్పిన కుర్చీ

నోట్లో నాలుగు చిన్న మేకులు పెట్టుకుని, సోఫా గుడ్డను మోకాలితో అదిమి పట్టి, దూదక్క ఒక్కొక్క మేకే తీసి సుత్తితో దిగ్గొడుతోంది. ఇరవై రెండేళ్లుగా ఆ కార్ఖానాలో పాత కుర్చీల పొట్టలు విప్పి, ఉండలు కట్టిన దూది పీకేసి, కొత్తది కూరి కుట్టడమే ఆమె పని. ఆ పేరు దూదివల్ల వచ్చిందో ఒంటివల్ల వచ్చిందో ఎవరూ పైకి అనలేదు. ఆమె అడగనూ లేదు. ఎవరైనా అలా పిలిస్తే అందరికంటే ముందు తనే నవ్వేసేది.

ఆ సాయంత్రం ఆరింటి బస్సుకు కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోతోంది. ఐదింటికల్లా ఇంటికి వస్తానని దూదక్క మాటిచ్చింది. అంతకుముందు మధ్యాహ్నం గ్రంథాలయం హాల్లో, కూతురు కంప్యూటర్‌ మీద వేసిన బొమ్మలు తెర మీద చూపిస్తున్నారు.

"ఏం వేశావే?" అని అడిగితే, "కుర్చీలేనమ్మా, నీ పనే. వచ్చి చూడు," అంది ఆ పిల్ల.

భోజనాల వేళ దూదక్క, బట్టలకంటిన పీచు దులుపుకుంటూ వెళ్లి హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ముందు వరసలో ఆమె తల్లి అప్పటికే కూర్చుని ఉంది. తెర మీద సన్నటి స్టూలు. చెక్క నిండా ముడతలు. ఒక కాలు పొట్టిదైతే దాని కింద మడిచిన కాగితం పెట్టారు.

"ఇది నేనే!" అంది ముసలామె పక్కవాళ్లతో, కిసుక్కున నవ్వి. "నా ఎడమ మోకాలు కూడా వదల్లేదు, దొంగపిల్ల!"

తెర మారింది. ఈసారి వెడల్పాటి సోఫా. చేతులుంచే చోట రెండు లావాటి మనిషి చేతులు, వేలాడే కండతో సహా. కూర్చునే చోట జారిన పొట్ట. దాని అడుగున అడ్డంగా, ముదురు దారంతో కుట్టు. కాన్పులో కడుపు కోసి కూతుర్ని బయటికి తీసినప్పటి కుట్టు అది. రెండేళ్ల కిందట తను జ్వరంతో లేవలేనప్పుడు కూతురు ఒళ్లు తుడుస్తూ ఒక్కసారి చూసింది. అంతే.

దూదక్క చెవులు కాలిపోయాయి. రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

గ్రంథాలయం చూసుకునే ఆవిడ పక్కకు వచ్చి, "వాళ్లమ్మను చూసి వేసిందట. ఎంత ప్రేమగా వేసిందో చూడండి. మీరు వాళ్ల మనిషా?" అంది.

"కాదండీ. వాళ్లెవరో నాకు తెలీదు. బయట ఎండగా ఉంటే లోపలికొచ్చా."

అనేశాక పక్కకు చూసింది. తను కూర్చోవడానికని కూతురు ఒక కుర్చీ మోసుకొచ్చి మూడడుగుల దూరంలో ఆగిపోయింది. కుర్చీని చప్పుడు కాకుండా దించి, ముందు వరసకు వెళ్లిపోయింది.

తెర మీద మూడో బొమ్మ వచ్చింది. పైనుంచి కిందిదాకా తెల్ల దుప్పటి కప్పిన కుర్చీ. లోపల ఏ ఆకారం ఉందో తెలియదు.

"ఇది తననే వేసుకుందట," అంది ఆవిడ.

వదులుగా వేసుకో. వంగకు. తక్కువ తిను, నాలా అయిపోతావు. పన్నెండో ఏటినుంచి కూతురితో అన్న మాటలన్నీ ఒక్కసారిగా దూదక్క మీద పడ్డాయి. 'నాలా' అన్నది తప్ప అవి తన సొంత మాటలు కూడా కావు, తన తల్లి తనతో అన్నవే. అక్కడ ఇంకో నిమిషం నిలబడలేక ఆమె బయటపడింది.

కార్ఖానాలో ఐదైంది. "అక్కా, అమ్మాయి ప్రయాణం కదా, వెళ్లవా?" అన్నాడు గుడ్డలు కత్తిరించే మాస్టారు.

"ఈ ఒక్క వైపు బిగించి వెళ్తాలే," అంది. బిగించింది. వంకరగా ఉందని పీకి మళ్లీ బిగించింది. నిజానికి వంకరేమీ లేదు. ఏ మొహంతో వెళ్లాలో తెలియక గోడ గడియారం వైపు చూడకుండా మేకులు కొడుతూనే ఉంది.

ఇల్లు చేరేసరికి ఆరూ ఇరవై. తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"చూసి చూసి వెళ్లిందే. బస్సు ఆరింటికని నీకు తెలుసుగా?"

"తెలుసమ్మా."

"నన్నేమైనా అందా?" అని దూదక్క చెప్పులు విప్పుతూ అడిగింది.

"అమ్మకి కాళ్లు నొప్పులు, నిలబెట్టి పని చేయించొద్దు అంది."

దూదక్క లోపలికి వెళ్లింది. కూతురి బట్టలన్నీ ఖాళీ అయిన అలమరలో, ఆ పిల్లకు రెండు సైజులు పెద్దదిగా ఏరి తను కొనిచ్చిన బూడిదరంగు కోటు, గుండీలన్నీ మెడదాకా పెట్టి, ఒక్కటే వేలాడుతోంది.