మందు అయిపోయిన వారం

ఇంట్లో ఎక్కడో ఎలుక చచ్చిందనుకున్నారు. వెల్డరు బీరువా జరిపాడు, మంచం కింది పెట్టెలన్నీ బయటికి లాగాడు, అటక మీది పాత సామాన్లు దించి మళ్ళీ ఎక్కించాడు. అతని భార్య గచ్చంతా ఫినాయిలుతో కడిగింది. వాసన పోలేదు. పైగా అది ఒకచోట ఉండేది కాదు. కాసేపు వంటగదిలో, కాసేపు గుమ్మం దగ్గర. కంచక్క ఎటు నడిస్తే ఆ వాసన అటు నడుస్తోందని కొన్నాళ్ళకు గాని వెల్డరు భార్యకు అర్థం కాలేదు.

కంచక్క వెల్డరుకు వదిన. అన్న చిన్న వయసులోనే పోతే, తల్లీ తండ్రీ లేని మరిదిని తానే పెంచి, పని నేర్పించి, పెళ్ళి చేసింది. పాత పరుపులు విప్పి, దూది ఏకి, కొత్త గుడ్డ వేసి కుట్టడం ఆమె వృత్తి. సందు ఈ చివర మాట్లాడితే ఆ చివర ఖంగుమనే గొంతు కనుక అందరూ కంచక్క అనేవారు. తోడికోడళ్ళిద్దరికీ మొదటి నుంచీ ఉప్పూ నిప్పూ. ఒకే రేకుల కప్పు కింద రెండు పొయ్యిలు. ఒకామె గిన్నె ఇంకొకామె ముట్టుకుంటే ఆ పూట సందుకంతా వినోదమే. వాళ్ళ మధ్య వెల్డరు అడకత్తెరలో పోకచెక్క. గేట్లు చేసే షాపులో ఉన్నంతసేపే తనకు ప్రశాంతంగా ఉంటుందని తోటివాళ్ళతో అనేవాడు.

వాసన సంగతి అర్థమైన సాయంత్రం చిన్నామె, అంటే వెల్డరు భార్య, కంచక్క చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళి, తలుపు వేసి, పైబట్ట తీయించింది. ఎడమ రొమ్ము ఉండవలసిన చోట పుండు ఉంది. దాని మీద పరుపుల్లో కూరే దూది. తడిసినప్పుడల్లా కొత్త దూది పెట్టుకుని, బిగించి గుడ్డ చుట్టుకుని, నెలల తరబడి అలాగే పనికి వెళ్ళి వచ్చింది.

“ఎందుకు చెప్పలేదక్కా?” అంది చిన్నామె.

“చెబితే నువ్వు జాలిపడతావు. నీ జాలి తినేకంటే ఇదే నయమనుకున్నా,” అంది కంచక్క.

పెద్దాసుపత్రిలో పరీక్షలు చేశారు. రోగం వెన్నులోకి పాకిందన్నారు. కోయడానికి లేదు, రేడియేషన్ కరెంటు పెట్టడానికి లేదు. ఇంటికి తీసుకెళ్ళి, తినాలనిపించింది పెట్టమన్నారు. చిన్నామె అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని మానేసింది. రెండు పొయ్యిల్లో ఒకటి ఆరిపోయింది. కంచక్కకు లేచి కూర్చోవడమే కష్టమైంది. వీపులో ఎవరో గునపం దించి తిప్పుతున్నట్టుందనేది. మాత్రలు వేస్తే అరగంట తగ్గేది, మళ్ళీ మొదలు. వెల్డరు గుమ్మం దాకా వచ్చి, ఎలా ఉందని అడిగి, జవాబు వచ్చేలోపే వెళ్ళిపోయేవాడు. గదిలోకి మాత్రం అడుగుపెట్టలేదు. షాపులో పని ఎక్కువగా ఉందనేవాడు. చిన్నామె నమ్మినట్టు తల ఊపేది.

మిషన్ నర్సమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. పెద్ద రోడ్డు మీది ప్రార్థన మందిరం వెనక, రెండు గదుల్లో మిషన్ వాళ్ళు ఒక చిన్న ఆసుపత్రి నడుపుతున్నారు. అక్కడ ఆపరేషన్లు లేవు, యంత్రాలు లేవు. మిగతా ఆసుపత్రులు ఇక లాభం లేదని పంపేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసుకోవడమే వాళ్ళ పని. నర్సమ్మ పొట్టిగా, నడివయసులో ఉండేది. పాత స్కూటరు మీద, భుజాన సంచితో వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, ముక్కు మూసుకోకుండా తిన్నగా వెళ్ళి మంచం అంచున కూర్చుంది.

కంచక్క ఆమెను ఎగాదిగా చూసింది. “మతంలో కలుపుకోడానికి వచ్చావా? ముందే చెబుతున్నా, నన్ను కలుపుకుంటే మీకే నష్టం. నాలుగు రోజుల్లో ఖాళీ చేసే సరుకుని.”

నర్సమ్మ నవ్వింది. తాను కట్టు మార్చడానికి వచ్చానని, కలుపుకోవడాలూ విడగొట్టడాలూ తనకు చేతకావని చెప్పింది. ఉప్పునీళ్ళతో పుండు కడిగింది. వాసన తగ్గడానికి ఒక మాత్రను మెత్తగా పొడిచేసి దాని మీద చల్లింది. చిన్నామెను పక్కన కూర్చోబెట్టుకుని, అంటుకున్న గుడ్డను లాగకుండా ఎలా నానబెట్టి తీయాలో చేసి చూపించింది. నాలుగు రోజులు పోయేసరికి ఇంట్లో వాసన సగం తగ్గింది. తర్వాత మిషన్ డాక్టరు గారు వచ్చి చూసి, నొప్పి తగ్గించే మార్ఫిన్ సిరప్ రాశారు. పూటపూటకీ వేళ తప్పకుండా ఇవ్వాలన్నారు.

మొదటి మోతాదు పడిన రోజు కంచక్క మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టే వేళ దాకా నిద్రపోయింది. చిన్నామె భయపడి మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. లేచాక కంచక్క జావ అడిగింది. ఒక గుక్క తాగి, “ఇది జావా, గిన్నె కడిగిన నీళ్ళా?” అని సందంతా వినపడేలా అరిచింది. చిన్నామె పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చింది. ఆ తిట్టు కోసం తాను అన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు ఆమెకు అప్పుడే తెలిసింది.

కొన్ని వారాలు అలా గడిచాయి. కంచక్క మంచం మీద నుంచే ఇల్లు ఏలింది. దారిన పోయేవాళ్ళను కిటికీలోంచి పిలిచి వాళ్ళ పరుపుల క్షేమం అడిగేది. నర్సమ్మ వస్తే, మీ దేవుడు ఇవాళైనా లేచాడా అనేది. లేచాడు, నిన్నెలా భరించాలో తెలీక తల పట్టుకున్నాడు అనేది నర్సమ్మ.

ఒకనాడు నర్సమ్మ కట్టు మార్చాక వెంటనే లేవలేదు. చిన్నామెను బయటికి పిలిచి, సీసాలో ఉన్నదే ఆఖరని చెప్పింది. అది మత్తుమందు జాతిది కనుక తెప్పించుకోవాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. గడువు ముగియకముందే మళ్ళీ దరఖాస్తు పెట్టారు. సంతకం పెట్టవలసిన అధికారి బదిలీ అయ్యాడు, కొత్తాయన ఇంకా చేరలేదు. డాక్టరు గారు రోజూ ఆ ఆఫీసు గుమ్మంలోనే కూర్చుంటున్నారు. రేపు అవుతుంది, మాపు అవుతుంది అనుకుంటూ చెప్పడానికి నోరు రాలేదంది.

చిన్నామె సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. ఒక పూట తగ్గించి ఇచ్చింది. ఒక పూట ఆలస్యం చేసింది. ఎంత పొదుపు చేసినా అడుగు కనిపించింది.

నొప్పి ఒక్కసారిగా తిరిగొచ్చింది. అన్నాళ్ళూ గుమ్మం అవతల కాచుకుని ఉన్నట్టు వచ్చింది. కంచక్క మొదట పళ్ళు బిగబట్టింది. తర్వాత మూలిగింది. తర్వాత అరిచింది. ఆ గొంతు గురించి సందులో వేళాకోళాలు ఆడినవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. పక్కింటామె వచ్చి గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయింది. వెల్డరు తెల్లారకముందే షాపుకు పోయి, ఎవరూ అడగని పనులు చేస్తూ అక్కడే ఉండిపోయాడు.

చిన్నామె అతన్ని షాపు నుంచి పిలిపించి, ఆటో మాట్లాడించి, కంచక్కను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆటో గతుకులో పడినప్పుడల్లా కంచక్క చిన్నామె భుజం కొరికింది. అక్కడ వసారాలో స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఎదురుచూశారు. ఒక కుర్ర డాక్టరు వచ్చి కాగితాలు తిరగేశాడు. ఈమెకు చెయ్యగలిగింది ఏమీ లేదని అప్పుడే రాశాం కదా, మళ్ళీ ఎందుకు తెచ్చారన్నాడు. నయం చెయ్యమనడం లేదు, నొప్పి తగ్గించండి చాలు అంది చిన్నామె. ఆ మందు తమ దగ్గర ఉండదన్నాడు. అంటున్నప్పుడు అతను కళ్ళు ఎత్తలేదు. ఒక ఇంజెక్షను చేయించాడు. ఇంటికి చేరేసరికి దాని పని అయిపోయింది.

విషయం విన్న నర్సమ్మ ఆ సాయంత్రమే వచ్చింది. ఖాళీ చేతులతో వచ్చింది. చిన్నామె ఆమెను లోపలికి రానివ్వలేదు.

“మందు లేనప్పుడు లేదు. పడి ఉన్నాం, అరుస్తున్నాం, అదే బతుకనుకున్నాం. నొప్పి లేకుండా ఉంటే ఎలా ఉంటుందో చూపించి, ఇప్పుడు లాక్కున్నారు. అంతకంటే అసలు రాకపోతేనే బాగుండేది నువ్వు.”

నర్సమ్మ వెనక్కి తిరిగింది గాని వెళ్ళలేదు. గుమ్మం బయట మెట్టు మీద కూర్చుండిపోయింది. లోపల్నుంచి కంచక్క ఆ గొడవ విని, అదెవరు, నర్సమ్మేనా, ప్రార్థన చెయ్యమను, ఎన్నడూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నానని చెప్పు, అంది. నర్సమ్మ లేచి లోపలికి వెళ్ళింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. చాలాసేపటికి కళ్ళు తెరిచి, “నాకు మాటలు దొరకడం లేదమ్మా,” అంది. ఆమె మొహం తడిసిపోయి ఉంది. కంచక్క ఆమె వంక చూసి, “సర్లే, ఏడవకు,” అంది.

అక్కడి నుంచి నర్సమ్మ తిన్నగా బస్టాండుకు వెళ్ళింది. ఒక రాత్రి ప్రయాణం అవతల తమలాంటి వాళ్ళదే ఇంకో ఆసుపత్రి ఉంది. వాళ్ళ అనుమతి ఇంకా నడుస్తోంది. వాళ్ళ డాక్టరు కంచక్క పేరున చీటీ రాసి ఇస్తే మందు తేవచ్చు. ఇస్తారో ఇవ్వరో తెలియదు. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి ఆశపెట్టడానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దెక్కాక కంచక్క అరవడం మానేసింది. కుక్క రొప్పినట్టు ఊపిరి తీస్తూ, చిన్నామె మణికట్టు పట్టుకుంది.

“నాకు చెయ్యగలిగింది నువ్వొక్కదానివే. వాడి వల్ల కాదు. ఆ దిండు తియ్యి. నా మొహం చూడకు, అటు తిరుగు.”

చిన్నామె వద్దక్కా అంది. కంచక్క బతిమాలింది. జీవితంలో ఎవరినీ బతిమాలని మనిషి, నీ కాళ్ళు పట్టుకుంటానంది. లేవలేక, చెయ్యి మాత్రం కిందికి చాపింది. చిన్నామె దిండు తీసింది. రెండు చేతులతో పట్టుకుంది. అది కంచక్క కుట్టిన దిండే. చిన్నామెకు ఆ క్షణంలో పాపం, పుణ్యం ఏవీ గుర్తురాలేదు. ఇది ఆగిపోవాలి, అంతే. ఆమె దిండును కిందికి దించింది. కంచక్క కళ్ళు మూసుకుంది.

ఎందుకు ఆగిందో ఆమె తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా తేలలేదు. దిండు పక్కన పడేసి వీధిలోకి పరుగెత్తింది. షాపులో నిప్పురవ్వల మధ్య కూర్చున్న మొగుడి చొక్కా పట్టుకుని లేపింది.

“నీ వదినని చంపబోయాను. ఇంకోసారి అడిగితే చంపేస్తాను. నువ్వు వచ్చి కూర్చో.”

వెల్డరు చేతి తొడుగులతోనే నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగాయి. చిన్నామె వెనక నుంచి తోసింది. లోపలికి వెళ్ళి, మంచం ఎక్కి, గోడకు ఆనుకుని కూర్చుని, వదిన తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు తనకు జ్వరం వస్తే ఆమె అలాగే కూర్చునేదని ఆ రోజు దాకా అతను ఎవరికీ చెప్పలేదు. కంచక్క కళ్ళు తెరిచి, వచ్చావా అంది. వచ్చాను వదినా అన్నాడు. ఆమెకు నొప్పి తగ్గలేదు. నొప్పి పొంగినప్పుడల్లా అతని చెయ్యి నలిపింది. అతను కదలలేదు. చిన్నామె కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టుకుంది. ఆ పగలంతా ముగ్గురూ ఆ మంచం మీదే ఉన్నారు.

నర్సమ్మ పొద్దువాలే వేళకు వచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. సంచిలోంచి సీసా తీసింది. చిన్నామె అందుకుని మూత తీసి, కొలిచి, కంచక్క పెదాల మధ్య పోసింది. కాసేపటికి వెల్డరు చేతి మీది పట్టు సడలింది.

కంచక్క ఇంకో నెల బతికింది. మందు ఆగలేదు గాని మనిషి మునుపటిలా లేదు. గొంతు సన్నబడింది. కిటికీలోంచి ఎవరినీ పిలవలేదు. మరిది రోజూ పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఆమె తల దువ్వేవాడు. ఒక మధ్యాహ్నం కట్టు మారుస్తుంటే కంచక్క ఉన్నట్టుండి అడిగింది.

“ఆ రోజు ఎందుకు ఆగావే?”

“తెలీదక్కా.”

“ఆగకపోయినా నేనేం అనుకునేదాన్ని కాదు. అది చెబుదామని.” మళ్ళీ తానే, “ఆగినా ఏం అనుకోలేదులే,” అంది.

తర్వాతి వారంలో, అన్నం వేళకు, ఇద్దరూ పక్కనుండగా పోయింది.

అంతా అయ్యాక ఇల్లు మరీ విశాలంగా కనిపించింది. చిన్నామె మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళింది. అట్టలు మడుస్తూ మడుస్తూ చేతులు ఆపి నిలబడిపోయేది. ఏడుపు వచ్చేది కాదు. హమ్మయ్య అనిపించేది, అనిపించినందుకు సిగ్గుపడి మళ్ళీ గబగబా మడిచేది. నర్సమ్మ రెండుసార్లు వచ్చి, ఊరికే కూర్చుని, టీ తాగి వెళ్ళింది. తన ఇంట్లో రోగి లేకపోయినా ఆమె ఎందుకు వస్తోందని చిన్నామె అడగలేదు. రాకపోతే మాత్రం సందు చివరి దాకా చూసేది.

అలా ఉండగా సందు మొదట్లో టీకొట్టు నడిపే ఆయన వచ్చాడు. తన తండ్రికి గొంతులో ఏదో లేచిందని, పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశారని, మీ ఇంటికి వచ్చే నర్సమ్మ ఎక్కడుంటుందని అడిగాడు. రాత్రిళ్ళు ఆ ముసలాయన నొప్పికి గోడకు తల కొట్టుకుంటున్నాడన్నాడు. చిన్నామె చెప్పులు వేసుకుని తానే అతన్ని ప్రార్థన మందిరం వెనక్కి తీసుకెళ్ళింది. నర్సమ్మ కట్టుగుడ్డలు మడతపెడుతోంది. టీకొట్టాయన విషయం చెప్పేలోపే చిన్నామె అడిగింది.

“మందు ఉందా?”

“సంతకం అయింది. ఉంది,” అంది నర్సమ్మ.

“అయిపోతే?”

నర్సమ్మ మడత ఆపి ఆమె మొహంలోకి చూసింది. అయిపోదని మాట ఇవ్వలేనంది. అయిపోయేలా ఉంటే ఈసారి ముందే చెబుతానంది. చిన్నామె టీకొట్టాయన వైపు తిరిగి, విన్నావుగా, ఇంతే వీళ్ళ దగ్గర ఉన్నది, అంది. అతను తల ఊపాడు. నర్సమ్మ సంచి భుజాన వేసుకుంది, ముగ్గురూ బయటికి నడిచారు.