పోయినవారి ట్యాగు

ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. నా చేతిలోంచి ఒక్క తప్పు జారిపోయిందని ఏ యజమానీ అనలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదాంట్లో తప్పంతా నాదే. మా అపార్ట్‌మెంటులో నా వెనక అందరూ నన్ను కామాగారు అంటారు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించడం ఆలస్యం, పెన్సిలు పట్టుకెళ్ళి కామాలు పెట్టి వస్తానట. పెట్టక, గాలికి వదిలేయమంటారా?

మూడో అంతస్తు లెక్కల టీచరు మాత్రం ముఖం మీదే అంటుంది, "ఏమే కామా" అని. ఇరవై ఏళ్ళుగా రోజూ పోట్లాడుకుంటున్నాం. బడి నుంచి రిటైరయ్యాక సాయంత్రం అయిదింటికి తన ముందుగదిలో పన్నెండు మంది పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఒంటరి మనిషి. వచ్చి తన దగ్గరే ఉండమని తమ్ముడు ఎప్పట్నుంచో పోరుతున్నాడు. "పిల్లలు వస్తున్నన్నాళ్ళూ కదలను. వాళ్ళు మానేసిన రోజు పెట్టె సర్దుకుని నీ దగ్గరికే వస్తాను" అని అతనికి మాటిచ్చింది. ఆ మాట నా ముందే ఇచ్చింది. నాకప్పుడే గుండెలో కలుక్కుమంది, పైకి మాత్రం "వెళ్ళు, పీడ పోతుంది" అన్నాను.

కంటి ఆపరేషన్ కోసం నెల రోజులు ఆ తమ్ముడి ఇంటికే వెళ్ళింది. ఫోను చూడకూడదని డాక్టరు చెప్పాడట. నాకు తోచి చావలేదు. పొద్దున లేచి ఎవరిని అనాలో తెలియక కోడల్ని అన్నాను. కోడలు మా అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ, తెలివైన పిల్ల, రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు నా ముందు లాప్‌టాప్ పెట్టింది.

"అత్తయ్యా, మన బ్లాగు సర్దిపెట్టండి. తొమ్మిదేళ్ళ పోస్టులు. ఆరుగురు సెక్రటరీలు ఎవరికి తోచిన ట్యాగు వాళ్ళు పెట్టేశారు. ఏది ఎక్కడుందో ఎవరికీ దొరకదు."

"ట్యాగంటే ఏమిటమ్మా?"

"సంచికి కట్టే చీటీ అనుకోండి. ఒక రకం పోస్టులన్నిటికీ ఒకటే చీటీ. ఈ గడిలో మాట రాసి కామా కొడితే ట్యాగు అయిపోతుంది."

కామా అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

జాబితా తెరిస్తే మూడువందల నలభై ట్యాగులు. నీళ్ళు ఒకటి, నీళ్లు ఒకటి, నీల్లు ఇంకొకటి. ఆ మూడోది పెట్టినవాణ్ణి బెంచీ ఎక్కించాలి. "నీళ్ళు రావట్లేదు", దాని కింద "ఇవాళ కూడా". లిఫ్టుకి పదకొండు ట్యాగులు, అందులో ఒకటి "లిఫ్టు బాబోయ్". ఒకేలాంటివాటికి టిక్కులు పెట్టి "కలుపు" అని నొక్కితే అన్నీ ఒకటైపోతున్నాయి. అబ్బ, ఏం సుఖమనుకున్నారు. అచ్చాఫీసులో ఒక్క నొక్కుతోనే ఇంత పని జరిగి ఉంటే నా నడుం ఇలా ఉండేది కాదు.

అలా కలుపుకుంటూ "ప" దగ్గరికొచ్చాను. పోయింది, పోయాడు, పోయారు, పోయినవి. ఒకే క్రియ, లింగం వచనం తేడా, అంతే. నాలుగింటినీ కలిపి, కాస్త గౌరవంగా ఉంటుందని "పోయినవారు" అని పేరు పెట్టాను. ఒక్కటంటే ఒక్క పోస్టు తెరిచి చూడలేదు. ప్రూఫులు దిద్దేవాళ్ళ జబ్బే అది, అక్షరం కనిపిస్తుంది, విషయం కనిపించదు.

టీచరు వెళ్ళిన రోజు కోడలు ఒక పోస్టు పెట్టింది. పైన టీచరు ఫోటో, దాని కింద "టీచరుగారి క్లాసులు ఉండవు ఈ నెలంతా" అనే శీర్షిక. ట్యాగుల గడిలో "టీచరుగారు ఊరికి పోయారు" అని రాయబోయి, ఆఫీసు హడావుడిలో మాట మాటకీ కామా కొట్టేసింది. అది మూడు ట్యాగులైంది. "టీచరుగారు" అన్నదానికి ఉన్నది ఒక్క పోస్టే కదా అని నేను తీసేశాను. "ఊరికి" అంటే అర్థమేముంది, అదీ తీసేశాను. మిగిలింది "పోయారు". దాన్ని పోయినవారిలో కలిపేశాను.

ఎక్కువ పోస్టులున్న ట్యాగులు, ఒక్కోదాంట్లో అన్నిటికన్నా కొత్త ఫోటోతో, బ్లాగు మొదటి పేజీలో వాటంతటవే వచ్చి కూర్చుంటాయట. ఆ సంగతి నాకెవరు చెప్పారు? మర్నాటి నుంచి మొదటి పేజీలో "పోయినవారు" అని పెద్దక్షరాలు, కింద నవ్వుతూ మా టీచరు, దాని కింద చోటు చాలక సగానికి తెగిన శీర్షిక: "టీచరుగారి క్లాసులు ఉండవు..." ఆవిడ పక్కనే వరసగా పాత ప్రెసిడెంటుగారు, ఒక తాళాల గుత్తి, రెండో అంతస్తువాళ్ళ పిల్లి.

నేను ఆ పేజీ చూస్తేగా. పని అయిపోయిందని లాప్‌టాప్ మూసేసి మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు నర్సు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"టీచరుగారు పోయారటగా."

"పోయి ఇరవై రోజులైంది. మీకిప్పుడా తెలిసింది?"

"అయ్యో, మాకెవరూ చెప్పలేదండీ. మీరెలా ఉన్నారు?"

"నాకేం, హాయిగా ఉన్నాను. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది."

ఆమె చెయ్యి వదిలేసి ఒక మెట్టు వెనక్కి వేసింది. ఈ కాలం మనుషులకి మర్యాద తెలీదనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం నల్ల కళ్ళద్దాలతో, చేతిలో పెట్టెతో టీచరు టాక్సీ దిగింది. కింద మొక్కలకు నీళ్ళు పోస్తున్న వాచ్‌మన్ పైపు వదిలేసి లోపలికి పరిగెత్తాడు. ఆ పైపు ఆవిడ్ని నిలువునా తడిపేసింది. అరగంటలో కోడలు బ్లాగు తెరవడం, నేను నుదురు కొట్టుకోవడం, టీచరు మా సోఫాలో తువ్వాలు చుట్టుకుని తన పోస్టు కింద కామెంట్లన్నీ చదివించుకోవడం జరిగిపోయాయి. ముప్పై ఎనిమిది మంది రాశారు. ఆవిడ ఒక్కొక్కటీ రెండేసిసార్లు చదివించుకుంది.

"నువ్వొక్కదానివే రాయలేదే" అంది నాతో.

"నువ్వు పోలేదని నాకు తెలుసు కదే."

"తెలిస్తే మాత్రం, రెండు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది?"

నవ్వుకున్నాం. ఆ నవ్వు సోమవారం సాయంత్రం దాకానే. అయిదు దాటింది, అయిదున్నర దాటింది, ముందుగదిలో చాప మీద ఒక్క పిల్ల లేదు. టీచరు ఇక లేదనుకుని తల్లిదండ్రులందరూ మెయిన్ రోడ్డు మీది ట్యూషన్ సెంటర్లో చేర్పించేశారు.

ఆ రాత్రికి రాత్రే ట్యాగు విడదీశాను. సవరణ అని కొత్త పోస్టు పెట్టాను. సవరణలు ఎవరూ చదవరని ముప్పై ఒక్క ఏళ్ళుగా నాకు తెలుసు. అందుకే పొద్దున్నే పన్నెండు గుమ్మాలూ ఎక్కి దిగాను. ఎవరినీ బతిమాలడం ఎరగని దాన్ని, తప్పు నాదేనండీ అని పన్నెండుసార్లు అన్నాను. "చాలా సంతోషమండీ, ఆవిడ ఉన్నారంటే. కానీ మధ్యలో ఎలా మాన్పించడం?" అన్నారు అందరూ. సంతోషించారు, తలుపేసుకున్నారు.

తిరిగొచ్చేసరికి టీచరు పెట్టె మంచం మీద తెరిచి ఉంది. చీరలు మడతపెడుతోంది.

"తమ్ముడికి మాటిచ్చాను కదే" అంది. కోపం లేదు ఆ గొంతులో. తిట్టినా బాగుండేది. వెళ్ళద్దని అనడానికి నాకేం ముఖముంది? ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. నిజం చెప్పుకోవడానికి సిగ్గేముంది, బాగా ఏడ్చాను.

సాయంత్రం అయిదింటికి నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకెళ్ళి ఆవిడ చాప మీద కూర్చున్నాను. మోకాళ్ళు పటపటమన్నాయి.

"ఏమిటీ వేషం?" అంది.

"నాకు లెక్కలు రావు. చిన్నప్పుడు భిన్నాల దగ్గర ఆగిపోయాను. చెప్పు."

నల్ల అద్దాలు పైకి తోసుకుంది. తర్వాత లోపలికెళ్ళి, కాసేపటికి సుద్దముక్కతో వచ్చింది. బోర్డు మీద అరకి మూడో వంతు కలపమని రాసింది. నేను ఆలోచించి, పైనవి పైన కలిపి, కిందవి కింద కలిపి, రెండు బై అయిదు అని రాశాను. వేళాకోళం కాదు, నాకు వచ్చిందే అది.

"అరకి ఇంకొంచెం కలిపితే అర కంటే తగ్గిందా?" ఆవిడ గొంతు లేచింది. "మధ్యలో ఎవరు తిన్నారే? ఇంతేసి వయసొచ్చింది, కామాలు లెక్కపెట్టడం కాదు, బుర్ర ఎక్కడ పెట్టావ్?"

తలుపు తెరిచే ఉంది. ఆ అరుపు మెట్లమీదుగా పైకీ కిందకీ పాకింది. ఎక్కడో పళ్ళెం కింద పడింది. నాలుగో అంతస్తు పాప గుమ్మంలో ఆగి, నోరు తెరుచుకుని, "అమ్మా, టీచరుగారు తిడుతున్నారు" అని కేకేసింది. పిలవకుండానే చెప్పులు విప్పి వచ్చి నా పక్కన కూర్చుని, నా పుస్తకంలోకి చూసి జాలిపడింది.

మర్నాడు నలుగురొచ్చారు. ట్యూషన్ సెంటర్లో ఎవరూ తిట్టరట, అక్కడేం ఎక్కట్లేదట. శుక్రవారానికి తొమ్మిది మందయ్యారు. నేను మూలకి జరిగీ జరిగీ గోడకి ఆనుకుపోయాను. ఇక చాల్లే అని పుస్తకం మూసి లేవబోయాను.

"పిల్లలొచ్చేశారు కదా, నువ్వు కదలక్కర్లేదు. నేను రేపట్నుంచి రానులే."

టీచరు బోర్డు వైపు తిరిగి తుడుస్తోంది, ముఖం కనిపించలేదు.

"ఆ పాప రాకముందే, నువ్వొచ్చి చాప మీద కూర్చున్నప్పుడే వెళ్ళి పెట్టె ఖాళీ చేశాను" అంది. "కూర్చోవే."